‘ప్రొటెస్ట్’ – ‘నిరసన’: అర్థపరిణామం, ప్రయోగం (పాలమూరు సందర్భాల ఆధారంగా పరిశీలన)

వ్యాససంగ్రహం:

ఆంగ్లంలోని ‘ప్రొటెస్ట్’ అనే పదానికి తెలుగులో ‘నిరసన’ సమానార్థకంగా స్థిరపడింది. ఈ రెండు పదాల పుట్టుక వేరు, నడక వేరు. మొదటిది సాక్ష్యం పలకడం నుంచి, రెండవది బయటికి విసిరివేయడం నుంచి ఏర్పడ్డాయి. ఈ తేడా వల్ల పత్రికాభాషలో, శాసనసంబంధమైన అనువాదంలో తలెత్తే ప్రశ్నలను గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల సాహిత్య, సామాజిక సందర్భాలతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ‘నిరసన’, ‘నిరశన’, ‘నీరసం’ పదాల కలగాపులగాన్ని కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: నిరసన, నిరశన, ఆక్షేపణ, ప్రొటెస్ట్, అర్థపరిణామం, పాలమూరు, గోలకొండ కవుల సంచిక, భూసేకరణ.

1. ఉపోద్ఘాతం:

అసమ్మతిని తెలిపే పదాలకు తెలుగులో కొరత లేదు. నింద, గర్హ, అధిక్షేపం, ఆక్షేపణ, ఖండన, అభిశంసన, ఈసడింపు, ఛీత్కారం, ఏవగింపు – ఈ వరుస చాలా దూరం సాగుతుంది. వీటిలో దేని స్థాయి దానిదే. ఈసడింపు ముఖకవళికలో కనిపిస్తుంది, ఖండన వాదంలో వినిపిస్తుంది. అభిశంసనకు ఒక సభ, ఒక తీర్మానం కావాలి. ఈ పదజాలంలో నేడు అన్నింటికన్నా విరివిగా వాడుకలో ఉన్నది ‘నిరసన’. దినపత్రిక జిల్లా పుటలో ఈ మాట లేని రోజు అరుదు.

ఇంత విరివిగా వాడే పదాన్ని నిఘంటువులో వెదికే అవసరం ఎవరికీ తోచదు. అందువల్లనే దాని అర్థం ఎంతగా మారిందో గమనానికి రాలేదు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా నుంచి విడివడి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల ప్రాంతం ఈ పదాన్ని పరిశీలించడానికి తగిన క్షేత్రం. సంస్థానాల విద్వత్సభలు, నిజాం కాలపు ఉర్దూ పాలనాభాష, ప్రాజెక్టుల కింద భూములు కోల్పోయిన గ్రామాలు – ఈ మూడూ ఇక్కడ ఒకే నేల మీద కలుస్తాయి.

2. ‘ప్రొటెస్ట్’ – సాక్షి నుంచి ఉద్యమకారుని వరకు:

ఈ ఆంగ్లపదానికి మూలం లాటిన్‌లోని ‘ప్రోటెస్టారి’. ‘ప్రో’ అంటే ముందుకు, బహిరంగంగా. ‘టెస్టారి’ అంటే సాక్ష్యం పలకడం. సాక్షి అనే అర్థం గల ‘టెస్టిస్’ దీనికి మాతృక. కాబట్టి ఈ పదానికి తొలి అర్థం నలుగురి ఎదుట నిలిచి గట్టిగా చెప్పడమే. అందులో వ్యతిరేకత తప్పనిసరి కాదు. తన నిర్దోషిత్వాన్ని దృఢంగా ప్రకటించుకొన్నవాణ్ణి ఉద్దేశించి ఆంగ్లంలో నేటికీ ఇదే క్రియను వాడతారు. ఆ వాక్యాన్ని తెలుగు చేసేటప్పుడు ‘తన నిర్దోషిత్వాన్ని నిరసించాడు’ అని రాస్తే అర్థం తలకిందులవుతుంది. అనువాదం నేర్చుకొనే విద్యార్థులు తరచుగా జారిపడే చోటు ఇది.

1529లో జర్మనీలోని స్పేయర్ నగరంలో జరిగిన సభలో లూథర్ పక్షపు రాజులు, నగరాల ప్రతినిధులు సభ నిర్ణయానికి తాము కట్టుబడబోమని లిఖితపూర్వకంగా ప్రకటించారు. ప్రొటెస్టెంట్ అనే పేరు ఆ ప్రకటన నుంచే వచ్చింది. ఆ ప్రకటనలో వ్యతిరేకత ఎంత ఉందో, తమ విశ్వాసానికి తామే సాక్షులమన్న భావమూ అంతే ఉంది. వాణిజ్య న్యాయంలో ఈ పదం మరింత పొడిగా వినిపిస్తుంది. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో, చెల్లింపు జరగని హుండీ విషయమై నోటరీ ఇచ్చే ధ్రువపత్రానికి కూడా ‘ప్రొటెస్ట్’ అనే పేరు. అక్కడ కోపానికి చోటు లేదు. జరిగినదానికి సాక్ష్యం మాత్రమే ఉంది. వీధిలోకి వచ్చి అసమ్మతి తెలపడం అన్న అర్థం తరువాత బలపడి, మిగిలిన అర్థాలను వెనక్కి నెట్టింది.

3. ‘నిరసన’ – విసిరివేత:

‘నిర్’ అనే ఉపసర్గ మీద, విసరడం అనే అర్థం గల ‘అస్’ ధాతువు చేరి ‘నిరసనం’ ఏర్పడింది. బయటికి విసరడం, తోసివేయడం, వెళ్లగొట్టడం దీని మూలార్థాలు. ఉమ్మివేయడమన్న అర్థం కూడా సంస్కృతంలో ఉంది. అమరకోశం దీన్ని ప్రత్యాఖ్యానం, ప్రత్యాదేశం, నిరాకృతి అనే పదాల సరసన చేర్చింది. ఇదే ధాతువు నుంచి ఏర్పడిన ‘నిరస్తం’ విడిచిన బాణానికీ, తడబాటుగా తొందరగా పలికిన మాటకూ చెల్లుతుందని అదే కోశం తెలుపుతుంది. బాణమైనా మాటైనా విసురు ఒకటే.

శాస్త్రగ్రంథాల్లో ‘పరమత నిరసనం’ అన్న సమాసం సుప్రసిద్ధం. పూర్వపక్షాన్ని తోసిపుచ్చి సిద్ధాంతాన్ని నిలపడమే ఆ నిరసనం. ‘విద్వద్గద్వాల’గా పేరుపొందిన గద్వాల సంస్థానంలోనూ, వనపర్తి, ఆత్మకూరు సంస్థానాల్లోనూ పండితసభలు జరిగిన కాలంలో ఈ పదం ఈ అర్థంలోనే పండితుల నోట పలికేది. తిరుపతి వేంకటకవులు కూడా ఈ సంస్థానాలను సందర్శించినవారే. అటువంటి సభలో ఒక పండితుడు మరొకరి వాదాన్ని ‘నిరసించాడు’ అంటే, ఆ వాదం నిలవకుండా చేశాడని అర్థం. వాదం నచ్చలేదని తెలిపి ఊరుకొన్నాడని కాదు. నాటి ‘నిరసన’లో ఫలితం కూడా ఇమిడి ఉంది. నేటి ‘నిరసన’లో ఫలితం లేదు, ఆశ మాత్రమే ఉంది.

4. దిశ మారిన పదం:

అర్థపరిణామంలో అర్థసంకోచం, అర్థవ్యాకోచం, గ్రామ్యత, సౌమ్యత వంటి భేదాలను భాషాశాస్త్రం చెబుతుంది. ‘నిరసన’ విషయంలో జరిగిన మార్పు వీటిలో దేనికీ పూర్తిగా ఒదగదు. ఇక్కడ ప్రధానంగా మారింది దిశ.

అభిజ్ఞానశాకుంతలం పంచమాంకం ఇందుకు తగిన ఉదాహరణ. దుష్యంతుడు నిండుసభలో శకుంతలను ఎరుగనని తోసిపుచ్చాడు. ఆ ఘట్టానికి సంప్రదాయంలో ఉన్న పేరు శకుంతలా ప్రత్యాఖ్యానం. అమరకోశం ప్రకారం ప్రత్యాఖ్యానం, నిరసనం పర్యాయపదాలు. కాబట్టి పూర్వార్థంలో ఆ సభలో నిరసించినవాడు రాజు. అదే ఘట్టాన్ని నేటి విద్యార్థికి వివరిస్తూ ‘సభలో నిరసన తెలిపింది ఎవరు?’ అని ప్రశ్నిస్తే, ‘శకుంతల’ అని తడుముకోకుండా సమాధానం వస్తుంది. నన్నయ శకుంతల సత్యమహిమను చాటుతూ రాజును నిలదీయడం ఎరిగినవారికి ఆ సమాధానం మరింత సహజంగా తోస్తుంది. రెండు సమాధానాలూ సరైనవే. పూర్వం నిరసన సింహాసనం నుంచి కిందికి దిగేది. నేడు అది కింది నుంచి సింహాసనం వైపు వెళుతున్నది.

ఈ మార్పు వాక్యనిర్మాణంలో కూడా స్పష్టంగా కనిపిస్తుంది. పూర్వప్రయోగంలో ‘నిరసించు’ సకర్మకక్రియ. ‘వానిని నిరసించెను’ అన్నట్లుగా ద్వితీయావిభక్తితో ఎదుటివాణ్ణి నేరుగా తాకుతుంది. నేటి ప్రయోగంలో ‘నిర్ణయాన్ని నిరసిస్తూ’ అనే అసమాపక రూపంలోనే ఆ క్రియ ఎక్కువగా మిగిలింది. సమాపకక్రియగా ‘నిరసించారు’ కన్నా ‘నిరసన తెలిపారు’, ‘నిరసన వ్యక్తం చేశారు’ అనేవే అధికం. కర్మ స్థానంలో ‘దానికి నిరసనగా’, ‘దానిపై నిరసన’ అని చతుర్థీ, సప్తమీ అర్థాల ప్రత్యయాలు వచ్చి చేరాయి. క్రియ నామంగా మారి, దానికి ‘తెలుపు’ అనే మరో క్రియ ఊతమైంది. ఈ ‘తెలుపు’ గమనించదగినది. విసరడంలో లేని ప్రకటన, సాక్ష్యం అనే అర్థాలను ఈ సహాయపదమే తెలుగులోకి తెచ్చిపెట్టింది. ‘ప్రొటెస్ట్’లోని ‘టెస్టారి’ తెలుగులో నిరసనలో లేదు, దాని పక్కన నిలిచిన ‘తెలుపు’లో ఉంది. ఇది అనువాదకులు ఆలోచించి చేసిన పని కాకపోవచ్చు. భాష తన లోటును తానే పూడ్చుకొన్న తీరు.

అదే సమయంలో ‘నిరసన’లోని పాత తిరస్కారభావం పూర్తిగా చెరిగిపోలేదు. ‘నిరసన సెగ’, ‘నిరసనల వెల్లువ’ వంటి పత్రికా పదబంధాల్లో మంట, ప్రవాహం ఉన్నాయి తప్ప సాక్ష్యం లేదు. ఈ రూపకాలు తరచుగా వినిపించి అరిగిపోయాయన్నది వేరే విషయం.

5. నిరసన, నిరశన, నీరసం:

శ, స అక్షరాల ఉచ్చారణభేదం వాడుకలో చాలామంది నోట నిలవదు. అందువల్ల ‘నిరశన’ అనే వేరొక పదం ‘నిరసన’లో కలిసిపోయింది. అశనం అంటే ఆహారం. అన్నప్రాశనలో ఉన్నది ఈ ‘అశ్’ ధాతువే. ‘నిర్’ చేరితే ఆహారం లేకపోవడం, అంటే ఉపవాసం. ‘నిరశన దీక్ష’ అంటే నిరాహార దీక్ష. ‘నిరసన దీక్ష’ అంటే అసమ్మతి తెలుపుతూ పూనిన దీక్ష. అందులో ఆహారం మానాలన్న నియమం లేదు. దీక్షాశిబిరాల బ్యానర్ల మీద ఈ రెండూ ఒకదానికి బదులు మరొకటి కనిపిస్తూ ఉంటాయి.

ఇది కేవలం వర్ణక్రమదోషమని కొట్టివేయదగింది కాదు. 1952 అక్టోబరు 19న ప్రారంభమై డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు మరణంతో ముగిసిన దీక్ష ‘నిరశన’. అక్కడ పణంగా ఉన్నది ప్రాణం. ఒక పూట శిబిరంలో కూర్చొని లేవడం ‘నిరసన’. ఈ రెండింటినీ ఒకే వర్ణక్రమంతో రాస్తే చరిత్ర రాసే పరిశోధకునికి ఏ దీక్షలో ఆహారం మానారో, ఏ దీక్షలో మానలేదో తేల్చుకొనే ఆధారం పోతుంది. పాత పత్రికల ప్రతులను ఆకరాలుగా వాడుకొనే పరిశోధకులు ఈ చోట పదాన్ని నమ్మకుండా, వార్తలోని ఇతర వివరాలతో సరిచూసుకోవాలి.

‘నీరసం’ వీటితో సంబంధం లేని మూడవ పదం. రసం లేనిది నీరసం. ‘నీరసించు’ అంటే బలహీనపడడం. నిరశన వల్ల మనిషి నీరసిస్తాడు, నిరసన వల్ల నీరసించనవసరం లేదు. పరీక్షపత్రాల్లో ‘ప్రజలు ప్రభుత్వాన్ని నీరసించారు’ అన్న వాక్యం చదివిన అధ్యాపకులకు ఈ భేదం ఎంత అవసరమో తెలుసు.

6. ‘పూజ్యం’ అన్న మాటకు జవాబు:

నిరసనకు, సాక్ష్యానికి ఉన్న తేడాను ఈ ప్రాంతానికి చెందిన ఒక సాహిత్యఘట్టం చక్కగా విశదం చేస్తుంది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు ‘పూజ్యం’ అన్న భావంతో ముడుంబై వేంకట రాఘవాచార్యులు చేసిన వ్యాఖ్య గోలకొండ కవుల సంచిక వెలువడడానికి ప్రేరణ అయింది. ఈ ‘పూజ్యం’ అన్న పదం కూడా అర్థపరిణామ దృష్ట్యా విలక్షణమైంది. పూజింపదగినది అన్న అర్థం గల తత్సమం తెలుగులో సున్నకు పేరైంది. పైకి గౌరవవాచకం, లోపల శూన్యం. అసమ్మతిని, చిన్నచూపును తెలపడానికి ఇంతకన్న చురుకైన పదం దొరకడం కష్టం. పదం మర్యాదగానే ఉంది, దెబ్బ మాత్రం తగిలింది.

దానికి స్పందించిన సురవరం ప్రతాపరెడ్డి నేటి జోగులాంబ గద్వాల జిల్లా ప్రాంతీయుడు. 1896 మే 28న మానవపాడు ప్రాంతంలోని బోరవెల్లిలో జన్మించాడు; స్వగ్రామం ఇటిక్యాలపాడు. మద్రాసులో న్యాయశాస్త్రం చదివాడు. 1926 మే 10న గోలకొండ పత్రికను ప్రారంభించాడు. ఆ వ్యాఖ్యను ఖండిస్తూ ఒక సంపాదకీయం రాసి ఊరుకొన్నట్లయితే అది ‘నిరసనం’ అయ్యేది. ఆయన చేసింది వేరు. కవుల నుంచి రచనలను, జీవితవివరాలను సేకరించి, 354 మంది కవులతో 1934లో గోలకొండ కవుల సంచికను ప్రచురించాడు. వ్యాఖ్యాతను తోసివేయలేదు, వ్యాఖ్య ఎదుట మూడువందల యాభై నలుగురు సాక్షులను నిలిపాడు.

లాటిన్ మూలార్థంలో ‘ప్రొటెస్ట్’ అంటే ఇదే. తెలంగాణ సాహిత్యచరిత్రల్లో ఈ సంచికను ‘నిరసన’గానో, ‘ధీటైన సమాధానం’గానో పేర్కొనడం పరిపాటి. రెండవది మొదటిదానికన్న మేలు. అయినా అది వాదప్రతివాదాల పరిభాష. సంచికలోని కవులందరూ ఒకే స్థాయివారు కారన్న విమర్శ ఉంది. న్యాయమైన విమర్శే. కాని సాక్షిగా పిలిచినవారిని కవిత్వగుణంతో మాత్రమే తూచడం ఆ సంచిక లక్ష్యాన్ని పక్కనపెట్టడమవుతుంది. శూన్యమన్న ఆరోపణకు సంఖ్యే మొదటి జవాబు. గుణనిర్ణయం తరువాతి పని. న్యాయవాదవిద్య అభ్యసించిన సంపాదకునికి ఈ తేడా తెలియదనుకోలేము. 1952లో వనపర్తి నుంచి హైదరాబాదు శాసనసభకు ఎన్నికై, మరుసటి సంవత్సరమే మరణించిన ఆయనకు 1955లో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ గ్రంథపద్ధతి కూడా సాక్ష్యాలను పేర్చే పద్ధతే.

7. ప్రజల నోట:

‘నిరసన’ పత్రికలోనూ మైకులోనూ వినిపించినంతగా ఇంటి వాకిట వినిపించదు. ‘ఒప్పుకోలే’, ‘అడ్డం తిరిగిండ్రు’, ‘నిలదీసిండ్రు’, ‘మొండికి పడ్డరు’ అన్నవి నాగర్‌కర్నూలు వైపు సహజమైన పలుకుబడులు. గద్వాల, అలంపురం వైపు కర్నూలు వాడుకకు దగ్గరగా ‘తిరిగినారు’, ‘అడిగినారు’ అన్న రూపాలు వినిపిస్తాయి. వీటిలో ప్రతిదానికీ ఒక భంగిమ ఉంది: అడ్డం తిరగడం శరీరంతో, నిలదీయడం ప్రశ్నతో, మొండికి పడడం కదలకపోవడంతో. ధర్నా, రాస్తారోకో, బంద్, ఘెరావ్ అన్నవి హిందీ మార్గంలో వచ్చి తెలుగు మాటలైపోయాయి.

నిజాం పాలనలో న్యాయస్థానాల భాష ఉర్దూ కావడంతో అభ్యంతరానికి ‘ఉజ్ర్’, అభ్యంతరపు అర్జీకి ‘ఉజ్ర్‌దారీ’ అన్న పదాలు వ్యవహారంలో ఉండేవి. పై అధికారి తిరస్కరిస్తే ‘నామంజూరు’. అసమ్మతికి కింది నుంచి వెళ్లేటప్పుడు ఒక పేరు, పై నుంచి వచ్చేటప్పుడు మరొక పేరు ఆ పరిభాషలో స్పష్టంగా వేరుగా ఉన్నాయి. ‘నామంజూరు’ నిలిచింది, ‘ఉజ్ర్‌దారీ’ దాదాపుగా పోయింది. పై నుంచి వచ్చే తిరస్కారానికి మాట మిగిలి, కింది నుంచి వెళ్లే అభ్యంతరానికి మాట పోవడం కేవలం యాదృచ్ఛికమేనా అన్నది ఆలోచించదగిన ప్రశ్న. ఆ ఖాళీలోకి వచ్చి చేరిందే ‘నిరసన’. అయితే ‘ఉజ్ర్‌దారీ’కి ఉన్న దస్తావేజు విలువ దీనికి లేదు.

8. ‘అండర్ ప్రొటెస్ట్’ – ఒక సంతకం విలువ:

ఆ లోటు ఎక్కడ బయటపడుతుందో భూసేకరణ చట్టం చూపుతుంది. 1894 నాటి భూసేకరణ చట్టం 31వ సెక్షన్ ప్రకారం, పరిహారం చాలదని భావించిన హక్కుదారు ఆ సొమ్మును ‘అండర్ ప్రొటెస్ట్’గా స్వీకరించవచ్చు. అలా కాకుండా స్వీకరించినవారికి 18వ సెక్షన్ కింద పరిహారపు పెంపు కోసం కోర్టుకు నివేదించమని కోరే హక్కు ఉండదు. 2013 నాటి భూసేకరణ, పునరావాస చట్టం 77వ సెక్షన్‌లోనూ ఇదే నియమం కొనసాగింది. నివేదన హక్కు 64వ సెక్షన్‌కు మారింది. అంటే సొమ్ము అందుకొన్న రసీదులో రెండు మాటలు ఉన్నాయా లేవా అన్నదాని మీద ఒక కుటుంబపు హక్కు ఆధారపడి ఉంది.

శ్రీశైలం జలాశయం కింద అలంపురం, కొల్లాపురం ప్రాంతాల గ్రామాలు మునిగాయి. కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి, సోమశిల, జటప్రోలు ఆలయాలను ఎగువకు రాయి రాయిగా విప్పి తరలించారు. తరువాత జూరాల, ఇటీవల పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతల పథకంలోని నార్లాపూర్, ఏదుల, వట్టెం జలాశయాలు ఈ జిల్లాల్లో మళ్లీ భూసేకరణను తెచ్చాయి. ఇటువంటి ప్రతి సందర్భంలోనూ రైతు ఎదుటికి ఒక కాగితం వస్తుంది. చదువు రానివారు దాని మీద నిశానీ వేస్తారు.

ఆ కాగితం తెలుగులో ఉంటే ‘అండర్ ప్రొటెస్ట్’ను ఏమనాలి? ‘నిరసనతో స్వీకరించడమైనది’ అన్నది పదానికి పదం సరిపోయినట్లు కనిపిస్తుంది. కాని తెలుగు పాఠకునికి అది కోపాన్ని మాత్రమే తెలుపుతుంది. ధర్నా చేసినవాడు కూడా నిరసన తెలిపినవాడే. ఆ ధర్నా వల్ల అతని కోర్టు హక్కు దానంతట అదే నిలవదు. పైగా ‘నిరసన’ మూలార్థం తోసిపుచ్చడం కాబట్టి, ‘నిరసిస్తూ స్వీకరించాను’ అనడంలో తోసిపుచ్చి పుచ్చుకొన్నట్లుగా వైరుధ్యం కూడా ధ్వనిస్తుంది. ‘అయిష్టంగా’ అని రాయడం మరింత ప్రమాదకరం. ఇష్టాయిష్టాలు మనసుకు సంబంధించినవి. చట్టం అడుగుతున్నది మొత్తం చాలదన్న స్పష్టమైన అభ్యంతరం.

ఈ విషయంలో న్యాయస్థానాలు కొంత ఉదారంగా వ్యవహరించిన సందర్భాలు లేకపోలేదు. అజిత్ సింగ్ వర్సెస్ పంజాబ్ రాష్ట్రం కేసులో 1994లో సుప్రీంకోర్టు, కోర్టుకు నివేదించమని దరఖాస్తు పెట్టుకోవడమే అభ్యంతరానికి నిదర్శనమని భావించింది. మాట లేకపోయినా చేత మాట్లాడిందన్న అవగాహన అది. అయినా అంత దూరం వెళ్లి వాదించుకోగల స్తోమత అందరికీ ఉండదు. మరోవైపు 2015లో తెలంగాణ ప్రభుత్వం జారీ చేసిన 123వ ఉత్తర్వు వంటి పద్ధతుల్లో భూమి బదిలీ సమ్మతితో జరిగిన కొనుగోలుగా నమోదవుతుంది. సమ్మతిపత్రంలో అసమ్మతికి చోటు ఎలా ఉంటుంది?

అనువాదపరంగా ఇక్కడ తగిన పదం ‘ఆక్షేపణ’. ఇందులోనూ విసురు అనే అర్థం గల ‘క్షిప్’ ధాతువే ఉన్నా, శాస్త్రచర్చల నుంచి పాలనావ్యవహారం వరకు ఇది జవాబు కోరే అభ్యంతరం అన్న అర్థాన్ని నిలుపుకొంది. ఆక్షేపణకు సమాధానం చెప్పవలసిన బాధ్యత ఎదుటిపక్షానిది. పరిహారం రసీదులో ‘ఈ మొత్తం చాలదన్న ఆక్షేపణను నమోదు చేస్తూ, పెంపు కోరే హక్కును నిలుపుకొంటూ స్వీకరించాను’ అన్న వాక్యం పొడవుగా ఉన్న మాట నిజమే. ఆంగ్లంలో రెండు పదాలు చేసిన పనికి తెలుగులో పది పదాలు పడుతున్నాయి. అయితే నిశానీ వేసేముందు ఎవరైనా ఈ వాక్యాన్ని చదివి వినిపిస్తే, వినే రైతుకు తాను దేనికి ఒప్పుకొంటున్నాడో, దేనికి ఒప్పుకోవడం లేదో రెండూ తెలుస్తాయి.